మా ఇంటి ప్లాన్‌కి ముగ్గు పోశాం

గత సెమిస్టర్ సెలవుల్లో మా ఇంటి ప్లాన్ నేనే గీశా. ఖమ్మంలో మాకు 200 గజాల స్థలం ఉంది. రోడ్డు తూర్పున, అటు వెడల్పు 30 అడుగులు, లోపలికి 60 అడుగులు. ఎన్నేళ్లుగానో "కడదాం, కడదాం" అంటున్న నాన్న ఈసారి నిజంగానే బ్యాంకు లోన్‌కి అప్లై చేశాడు. పర్మిషన్‌కి పెట్టే డ్రాయింగ్ ఎలాగూ లైసెన్సున్న ఇంజినీర్ గారే గీస్తారు. కానీ ఆయన దగ్గరికి వెళ్లేలోపు మనకేం కావాలో మనకి తెలియాలి కదా! అందుకని స్వీట్ హోమ్ త్రీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ముందు నాలుగు రోజులు కూర్చున్నా. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు, మేడ మెట్లు, ఉత్తరం పక్కన 5 అడుగుల వెడల్పున కూరగాయల మడి. త్రీడీలో తిప్పి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

పీడీఎఫ్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. పదకొండు బొటనవేళ్లు, రెండు దండాలు, ఒక "సూపర్ తల్లీ". అంతే. మన ప్రాజెక్టుల్లో కోడ్ తెరవకుండానే ఎల్‌జీటీఎం అని కొట్టేసి వెళ్లిపోతారు చూడండి, అచ్చం అలాగే. మొదట సంతోషపడ్డా, తర్వాత అనుమానం వచ్చింది. ఇంత మందిలో ఒక్కరికీ ఒక్క తప్పూ కనపడలేదా?

తప్పు వాళ్లది కాదు. ప్లాన్ అంటే పైకప్పు తీసేసి ఆకాశం నుంచి చూసిన ఇల్లు. అలా ఇంటిని ఎవరు చూశారు గనక? ఇంట్లో ఉండేవాళ్లకి ఇల్లు అంటే గీతలు కాదు, పనులు. అందుకే "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. పాపం, ఇంకేం చెప్పాలో వాళ్లకి తెలీదు.

అమ్మ దగ్గర ప్రశ్న మార్చా. ప్రింటు ముందు పెట్టి పెన్ను చేతికిచ్చి, "పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా నువ్వు ఏమేం చేస్తావో దీని మీద నడిచి చూపించు" అన్నా. రెండు నిమిషాల్లో ప్లాన్ నిండా గీతలే. అంట్లు తోమే చోటు నేను ఇంటి వెనక పెట్టా, వంటిల్లేమో ముందు వైపు ఆగ్నేయంలో ఉంది. అంటే ఎంగిలి గిన్నెలు పట్టుకుని హాలంతా దాటాలి, చుట్టాలు కూర్చున్నా సరే. గ్యాస్ సిలిండర్ ఎటు నుంచి లోపలికొస్తుంది? బియ్యం బస్తా ఎక్కడ? తడి బట్టల బకెట్టు మేడెక్కే దారేది? ముందురోజు "బాగుంది" అన్నది కూడా ఈ అమ్మే.

అసలు పరీక్ష స్థలంలో జరిగింది. మేస్త్రీలు పునాది తవ్వే ముందు ముగ్గు పోస్తారు కదా, ఆ పని మనమే ముందు చేస్తే ఏమవుతుంది అనిపించింది. ముగ్గు పిండి, పొడవాటి టేపు, నాలుగు మేకులు, పురికొస. మూల సరిగ్గా 90 డిగ్రీలు రావాలంటే ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, ఆ రెండు చివర్ల మధ్య 5 అడుగులు వచ్చేదాకా దారాన్ని జరపాలి. పైథాగరస్ నాకు నిజంగా పనికొచ్చింది అదే మొదటిసారి! గోడకి ఒక్క గీత గీస్తే మాత్రం మోసపోతాం. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. రెండు గీతలూ గీశాక గదులన్నీ ఒక్కసారిగా చిక్కిపోయాయి. మంచం ఉండే చోట పాత దుప్పటి పరిచాం. బీరువా తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందని అప్పుడు తెలిసింది.

నానమ్మని ఆటోలో తీసుకొచ్చాం. మోకాళ్ల నొప్పులు, వాకర్‌తో నడుస్తుంది. బాత్‌రూమ్ దగ్గర ఆగి, "ఇదేందే, దీంట్లోంచి నేనెట్లా పోవాలి?" అంది. నేను తలుపు వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు అని రాసుకున్నా. అది చట్రంతో కలిపి. రెండు పక్కలా చెక్క పోతే మిగిలేది 25 అంగుళాలే. నానమ్మ వాకర్ ఒక్కటీ 23. వేళ్లు గీసుకుపోతాయి. ఆ తలుపు 3 అడుగులకి మార్చా. నర్సుగా చేసే మా పిన్ని ఇంకో మాట చేర్చింది: తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, లోపల ఎవరైనా పడిపోయినప్పుడు మనిషే తలుపుకి అడ్డం అవుతారు. ఇది నాకు వందేళ్లు కూర్చున్నా తట్టేది కాదు.

తర్వాత నానమ్మ వెనక బెడ్‌రూమ్ వైపు వెళ్లింది. అక్కడ నా గీత మామిడి చెట్టు మొదలు దాకా వెళ్లి ఆగి, అటు పక్క మళ్లీ మొదలైంది. తాతయ్య ఈ స్థలం కొన్న ఏడాదే నాటిన బంగినపల్లి అది. తాతయ్య ఇప్పుడు లేడు. నానమ్మ కాండం మీద చెయ్యి పెట్టి, "మరి దీన్నెక్కడ పెట్టావు?" అని అడిగింది. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది.

నేనెక్కడా పెట్టలేదు. సాఫ్ట్‌వేర్ తెల్ల కాగితంతో మొదలవుతుంది, దాంట్లో చెట్టుండదు. ఎవరైనా ప్లాన్ మొదలుపెడితే గోడల కన్నా ముందు ఇప్పటికే ఉన్నవి గీయండి: చెట్టు, బోరు, కరెంటు స్తంభం, మురికి కాలువ, వాన నీళ్లు పారే వాలు. అవి లేని ప్లాన్ ఎంతమందికి చూపించినా చెట్టు గురించి ఎవరూ మాట్లాడరు.

మేస్త్రీ గారిని "ఇందులో కట్టడానికి కష్టమయ్యేది ఏది, ఖర్చు పెరిగేది ఏది?" అని అడిగా. రెండు బాత్‌రూములు ఇంటికి చెరో చివర ఉన్నాయి, వీపుకి వీపు పెడితే పైపులు సగం మిగులుతాయన్నారు. తర్వాత మెట్లు లెక్కపెట్టి నవ్వారు. స్లాబుతో కలిపి ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. నా బొమ్మలో మెట్లు 12. ఒక్కో మెట్టు పదిన్నర అంగుళాలు! "ఇవి మెట్లు కాదమ్మా, ఎక్కే గోడ" అన్నారు. 7 అంగుళాల చొప్పున 18 మెట్లు కావాలి, అడుగు పెట్టే చోటు 10 అంగుళాలైనా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో మెట్లంటే లాగితే సాగే బొమ్మ మాత్రమే. కంపైల్ అయిందని ప్రోగ్రామ్ కరెక్ట్ అయిపోదని మనకి తెలుసు, అయినా నమ్మేశా.

ఇక నా కూరగాయల మడి. ఉత్తరం వైపు ఎక్కువ ఖాళీ వదలాలనే వాస్తు లెక్కతో అక్కడ చోటు మిగిలింది, నేను దాన్ని తోట చేసేశా. నానమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "ఉత్తరం గోడ పక్కన సంక్రాంతికి వడియాలు ఆరతాయా?" హాస్టల్‌కొచ్చాక లెక్క వేశా. సెప్టెంబర్ 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు మనకి రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. డిసెంబర్ చివర్లో ఖమ్మంలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అరుగు, గోడ, పిట్టగోడ కలిపి మా ఇల్లు 15 అడుగులు అనుకుంటే నీడ దాదాపు 13 అడుగులు పడుతుంది. నా మడి వెడల్పు 5. అంటే టమాటా, పాలకూర, కొత్తిమీర వేసుకునే చలికాలమంతా అక్కడ ఎండ దాదాపు పడనే పడదు. ఇప్పుడు అక్కడ కరివేపాకు కూడా పెట్టట్లేదు, సైకిళ్లు పెడుతున్నాం. కూరగాయలు మేడ మీదికి వెళ్లాయి.

సలహాలు ఇలా కుప్పపడ్డాక అన్నీ వినడం కుదరదు. మామయ్య పూజ గది జరపమన్నాడు, అత్త ఓపెన్ కిచెన్ అంది. నేను రెండు కుప్పలు చేశా. వాకర్ పట్టకపోవడం, ఎక్కలేని మెట్లు, ఎండ పడని మడి: ఇవి బగ్‌లు, చర్చ లేదు. మిగతావి ఇష్టాలు, అక్కడ ఆ గదిని రోజూ వాడేవాళ్ల మాటే చెల్లుతుంది. ఓపెన్ కిచెన్ మీద అమ్మ ఓటు ఒక్కటే లెక్క. తాలింపు ఘాటు హాలంతా పాకుతుందని కొట్టేసింది.

చెట్టు మాత్రం ఏ కుప్పలోకీ రాలేదు. ఏడో వెర్షన్‌లో వెనక గదిని 12 అడుగుల నుంచి 9కి తగ్గించి చెట్టుని వదిలా. పునాదికీ వేళ్లకీ మధ్య ఎంత దూరం ఉండాలో ఇంజినీర్ గారిని అడగాలి. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. మూడడుగులు ఊరికే పోతున్నాయనీ, లోన్ చెట్టు కట్టదనీ అంటాడు. నానమ్మ ఏమీ అనట్లేదు. మొన్నటి వానకి పాత ముగ్గంతా కొట్టుకుపోయింది. ఈ ఆదివారం ఇంటికెళ్లి కొత్త ప్లాన్‌కి మళ్లీ పోస్తున్నా. ఈసారి చెట్టు దగ్గర గీత గీయమని పిండి నాన్న చేతికే ఇస్తా.