విమానంలో నాలుగు గంటలే... మరి ప్రయాణమో?

"దుబాయి ఎంతసేపమ్మా, నాలుగు గంటలేగా!" అంటారు పిల్లలు. గాల్లో అంతే, నిజమే. కానీ మా కొత్తగూడ లాంటి ఊళ్ల నుంచి పోయేవాళ్లకు ఆ నాలుగు గంటలకు ముందు ఎన్ని గంటలున్నాయో లెక్క చూసుకోవాల్సింది ఇంట్లో మనమే. ఆ లెక్క తప్పితే వేలు పోసి కొన్న టికెట్టు చేతిలోనే ఉంటుంది, విమానం వెళ్లిపోతుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలుదారి సుమారు 1,670 కిలోమీటర్లు. ఆకాశంలో మలుపులు తక్కువ కనుక అదే దూరం సుమారు 1,260. రైల్లో ఒక పగలు, ఒక రాత్రి పట్టేది విమానంలో రెండుంబావు గంటలు. "గంటకు 800 కిలోమీటర్లు పోయేదానికి అంతసేపెందుకు?" అంటారా? పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. నేల మీద మెల్లగా కదిలేది, రన్‌వే దగ్గర వంతు కోసం ఆగేది కూడా టికెట్టు మీది సమయంలో కలిసే ఉంటుంది.

దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. టికెట్టు మీద బయల్దేరే వేళ మనది, దిగే వేళ వాళ్లది. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఉదయం 10కి లేచిన విమానం మధ్యాహ్నం 12.30కి దిగుతుందని రాసి ఉంటే, మన ఇంట్లో అప్పుడు రెండవుతుంది. మా వాడకట్టులో ఒక తల్లి ఒంటిగంట దాకా కొడుకు ఫోను రాలేదని ఒకటే ఏడుపు. అప్పటికి పిల్లవాడింకా గాల్లోనే ఉన్నాడు! తిరుగు ప్రయాణంలో అరగంట తగ్గవచ్చు. ముఖ్యంగా చలికాలంలో పైన పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది.

ఇక అసలు లెక్క. నర్సంపేట, వరంగల్ మీదుగా బస్సులు మారుతూ శంషాబాదు చేరేసరికి ఐదారు గంటలు. విదేశీ విమానానికి మూడు గంటల ముందు, మన దేశంలో తిరిగేదానికి రెండు గంటల ముందు అక్కడుండాలి. పదింటి విమానమైతే ముందురోజు సాయంత్రమే ఊరు దాటాలన్నమాట. అన్నీ కలిపితే నాలుగు కాదు, పదమూడు గంటలు!

తేదీ మరీ జాగ్రత్త. పదో తేదీ రాత్రి 12.30 అని ఉంటే తొమ్మిదో తేదీ రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి సుమా. పదో తేదీ పొద్దున సంచి సర్దుకుంటే లాభం లేదు.

తిండి కూడా పదమూడు గంటలకు సరిపడా కట్టివ్వండి. పులిహోర, సకినాలు చేతిసంచీలో పెట్టొచ్చు. పచ్చళ్లు, కారప్పొడి మాత్రం లోపలికి రానివ్వరు. వాటిని గట్టిగా మూతబెట్టి పెద్దపెట్టెలో సర్దండి.

వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలంనాటి విమానాశ్రయం 1981 దాకా నడిచింది. దాన్ని మళ్లీ తెరిచే పనికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతినిచ్చింది. అక్కడ విమానాలు దిగిననాడు ఢిల్లీ మనకు దగ్గరకు జరగదు గానీ, మన బస్సు ప్రయాణం మాత్రం సగానికి సగం తగ్గుతుంది. అందాకా టికెట్టుతోపాటు బస్సుల వేళలు కూడా ఒక కాగితం మీద రాసి గోడకు తగిలించుకోండి.