సద్ది కట్టుకుని పోచారం వెళ్దామా?

పిల్లలకు నాలుగు రోజులు సెలవులొస్తే చాలు, "ఎక్కడికైనా వెళ్దామమ్మా" అంటూ కొంగు పట్టుకుని తిరుగుతారు. విదేశాల్లో వాళ్ళు కారులో టెంటు వేసుకుని, గడ్డిమైదానాల వెంట జంతువుల్ని చూస్తూ తిరగడం టీవీలో చూసి, మనకూ అలాంటి చోటు ఉంటే బాగుండునని మీరూ అనుకునే ఉంటారు. ఉందండీ! అదీ మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పక్కనే.

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు నాగపూర్ హైవే మీద కామారెడ్డి చేరి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దారి పట్టండి. లింగంపేటలో కాసేపు ఆగి నాగన్న బావి చూపించండి. మెట్లబావి అంటే ఏమిటో పిల్లలకు పుస్తకంలో కంటే అక్కడే బాగా తెలుస్తుంది. ఎల్లారెడ్డి నుంచి మెదక్ వైపు వెళ్తే నాగిరెడ్డిపేట మండలంలో పోచారం చెరువు వస్తుంది. దాని ఆనకట్ట 1922లో పూర్తయింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం నవాబు వేటాడిన చోటు. 1952లో అదే అభయారణ్యమైంది. సుమారు 130 చదరపు కిలోమీటర్లు!

చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, నాలుగు కొమ్ముల కొండగొర్రెలు ఇక్కడ ఉన్నాయి. చిరుతలు, ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి గానీ అవి కంటపడడం అరుదు. మనుబోతుల్లో మగది నీలి బూడిదరంగులో, ఆడది గోధుమరంగులో ఉంటుంది. "ఏది అమ్మ, ఏది నాన్న?" అని పిల్లల్ని అడగండి, వాళ్ళే చెప్తారు. చలికాలంలో వెళ్తే చెరువులో వలస పక్షులు కనువిందు చేస్తాయి. తెల్లని తలమీద రెండు నల్లచారలున్న బాతులు కనిపిస్తే, అవి హిమాలయాలు దాటి వచ్చిన చుట్టాలని చెప్పండి.

వానాకాలంలో మాత్రం తొందరపడొద్దు. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోతకు కామారెడ్డి చుట్టుపక్కల రోడ్లు కొట్టుకుపోయాయి. వాగు పొంగుతుంటే ప్రయాణం మానుకోవడమే మేలు.

టెంటు సంగతంటారా? అభయారణ్యంలో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు, నిప్పు రాజేయకూడదు. ముందుగా అటవీశాఖ వారిని అడగండి. కుదరకపోతే రాత్రికి కామారెడ్డిలోనో, మెదక్‌లోనో బస చేసి, తెల్లవారుజామునే బయలుదేరండి. జంతువులు మేతకొచ్చే వేళ అదే. పొయ్యి లేదని బెంగెందుకు? మనకూ ఒకరోజు సెలవు దొరికినట్టే కదా! ముందురోజే సర్వపిండి, పులిహోర, మలీద ముద్దలు చేసి స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. మంచినీళ్ళు ఇంటినుంచే తీసుకెళ్ళండి. ముదురాకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేయండి. సెంటు వద్దు, పాటలు అసలే వద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. దారిలో కోతులు కనిపించగానే పిల్లల చేత అరటిపళ్ళు ఇప్పించకండి. ఒకప్పుడు నేనూ ఇప్పించినదాన్నే! పుణ్యమనుకున్నాను. కానీ చేతి తిండికి అలవాటుపడిన కోతి రోడ్డు వదలదు, బండ్ల కింద పడుతుంది. ఆ తరువాత ఊళ్ళోకి దిగి మక్క చేను పాడు చేస్తుంది, వంటింట్లో దూరుతుంది. ఆ ఇల్లాలి గోస మనకు తెలియనిదా? అన్నం వాసన తగిలిన ప్లాస్టిక్ కవరును దుప్పి తింటే, అది పొట్టలో అడ్డుపడి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ఒక గుడ్డసంచి అదనంగా పెట్టుకోండి. తీసుకెళ్ళిన చెత్తంతా అందులోనే ఇంటికి రావాలి.

చుట్టాలింటికి వెళ్తే వాళ్ళ వంటిల్లు చిందరవందర చేసి వస్తామా? అడవీ అంతే. తెచ్చిన సద్ది మనం తిందాం, వాటి మేత వాటికి వదిలేద్దాం. వచ్చే చలికాలం సెలవులకు మరి బయలుదేరతారా?