సొరంగం ఉంది, దారి తప్పింది!

వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగా మీ ఇంటి నుంచి కాలేజీ నెట్‌వర్క్‌కు వేసిన రహస్య సొరంగం. 'కనెక్ట్ అయింది' అంటుంది తెర. లేబొరేటరీ కంప్యూటర్ మాత్రం పలకదు. రేపే ప్రాజెక్టు ఇవ్వాలి! లోపం ఎక్కడ?

1996 నాటి ఆర్.ఎఫ్.సి. 1918 ప్రమాణం ప్రకారం 192.168తో మొదలయ్యే చిరునామాలను ఎవరైనా తమ సొంత నెట్‌వర్క్‌లో వాడుకోవచ్చు. కనుక మీ ఇంట్లోనూ, కాలేజీలోనూ 192.168.1 వరసే ఉండవచ్చు. అప్పుడు 192.168.1.20 కావాలంటే, మీ కంప్యూటర్ సాధారణంగా ఇంట్లోనే వెతుకుతుంది. రెండు ఊళ్లకు ఒకే పేరుంటే ఉత్తరం దగ్గరి ఊరికే చేరినట్లన్నమాట!

మొబైల్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించి చూడండి. పనిచేస్తే, ఇంటి రౌటర్ వరసను 192.168.77గా మార్చండి. అప్పటికీ పలకకపోతే, తిరుగుదారినీ ఫైర్‌వాల్‌నూ పరిశీలించమని కాలేజీ నెట్‌వర్క్ నిర్వాహకులను అడగండి.