ఉద్యోగం మానేస్తే భరణం తప్పుతుందా?

విడాకుల గొడవ కోర్టుకెక్కగానే కొందరు భర్తలు ఉద్యోగానికి రాజీనామా చేసేస్తారు. 'జీతమే లేదు, భరణం ఎక్కణ్నుంచి తేను?' అంటారు. ఆ ఎత్తు పారదు. భర్త సైన్యం నుంచి రిటైరయ్యాడని హైకోర్టు నెలకు 4 వేల భరణాన్ని 2 వేలకు తగ్గిస్తే, సుప్రీంకోర్టు 2015లో ఆ తీర్పును కొట్టేసింది. ఒంట్లో సత్తువ ఉన్నవాడు పోషించాల్సిందేనంది. ఆలుమగలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలపై ప్రమాణపత్రం ఇవ్వాలని 2020లో ఆదేశించింది. దరఖాస్తు చేసిన రోజు నుంచే భరణం లెక్కగట్టాలనీ చెప్పింది.

మరి, నిజంగానే ఉద్యోగం ఊడితే? తొలగింపు ఉత్తర్వు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో భరణం తగ్గించమని అదే కోర్టును అడగొచ్చు. కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 146వ సెక్షన్ అందుకే ఉంది. అంతేగానీ, లేబర్ కోర్టులో కేసు నడుస్తోందంటూ సొంతంగా చెల్లింపు ఆపేస్తే... బకాయి పెరుగుతుంది, జైలుకీ దారితీయొచ్చు!