రెక్క చూసి గుర్తుపట్టే ‘ఓర్కా’

గూడూరు: పేరుకు తిమింగలం, జాతికి డాల్ఫిన్. కిల్లర్ వేల్ అనీ, ఓర్కా అనీ పిలిచే ఈ నలుపు తెలుపుల జలచరం బంగాళాఖాతంలో కంటబడటం బహు అరుదు. మగది 9 మీటర్ల దాకా పెరుగుతుంది. దాని వీపుమీది రెక్కే నిలువెత్తు మనిషంత.

1984లో వచ్చిన ‘సాగర్ సంపద’ పరిశోధక నౌకపై నుంచి కొచ్చి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తిమింగలాలు, డాల్ఫిన్ల లెక్క రాశారు. పని సులువు కాదు. ఊపిరికి పైకి వచ్చిన కాసేపట్లోనే చూడాలి. కెరటం లేచిందా, రెక్క కనపడదు.

ఒకదాని రెక్క గాట్లు మరొకదానికి ఉండవు. ఫొటోలు పోల్చి చూస్తే 2008లో అబుదాబి వద్ద కనిపించినవే 2015లో శ్రీలంక తీరాన తిరిగాయని తేలింది. అంతదూరం వచ్చినవాటికి మన తీరం ఒక లెక్కా?

నౌక ఎప్పుడో గాని ఇటు రాదు. వాకాడు, కోట, చిల్లకూరు తీరాల పట్టపుపాలేల వారు మాత్రం రోజూ వేటకు పోతారు. వారు చూసింది ఏ పుస్తకానికీ ఎక్కదు. వలలో పడితే మరీ చిక్కు. ఇది చేప కాదు, పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. వల కోసి వదిలితే నష్టం వేటగాడిది. మహారాష్ట్రలో 2018లో ఇలా కోసిన వలకు రూ.25 వేల దాకా పరిహారం ఇచ్చే పథకం పెట్టారు.