ఏసీ అవుట్‌డోర్ యూనిట్: బిగించే ముందు ఈ నాలుగు మాటలు

వేసవి వచ్చిందంటే రేడియోలో, టీవీలో, పేపర్లో మన ఊరి పేరు వినబడుతుంది. రాష్ట్రంలో ఎండ ఎక్కువ ఎక్కడ అంటే రెంటచింతల అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మే నెలలో 45, 46 డిగ్రీలు మనకు వింత కాదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందులో వయసు మళ్ళినవారు, ఎండలో కూలిపనికి వెళ్ళినవారు ఎక్కువ.

అందుకే ఓపీకి వచ్చే కుటుంబాలు డాక్టరుగారిని ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: "అమ్మకు గుండె జబ్బు గదండీ, గదిలో ఏసీ పెట్టించమంటారా?" స్తోమత ఉంటే పెట్టించుకోవడం మంచిదే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి, బాలింతలకు, మంచం మీద ఉన్న పెద్దవారికి మన ఎండల్లో ఒక చల్లటి గది ప్రాణరక్షణే. ఆసుపత్రిలో కరెంటు పనులూ ఏసీలూ చూసేది నేను కనుక ఆ తరువాతి ప్రశ్నలు నా దగ్గరికి వస్తాయి. ఎన్ని టన్నులు తీసుకోవాలి, ఏ కంపెనీ మంచిది, ఎన్ని స్టార్లు ఉండాలి అని అడుగుతారు. ఇంటి బయట పెట్టే పెట్టెను, అంటే అవుట్‌డోర్ యూనిట్‌ను, ఎక్కడ పెట్టాలి, దేనికి బిగించాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే.

2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్ ప్రాంతంలో ఇంటి ముందు స్కూటరు మీద కూర్చొని స్నేహితుడితో మాట్లాడుతున్న 18 ఏళ్ళ కుర్రవాడి మీద పై అంతస్తు నుంచి అవుట్‌డోర్ యూనిట్ ఊడిపడింది. ఆ అబ్బాయి చనిపోయాడు. పక్కనున్న స్నేహితుడికి దెబ్బలు తగిలాయి. టన్నున్నర ఏసీ బయట పెట్టె బరువు 25 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది. అంటే ఇంచుమించు ఒక మిరప టిక్కీ బరువు. మేడ మీద నుంచి టిక్కీ పడితే ఏమవుతుందో మన కళ్ళాల్లో, యార్డుల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

రాతి పలక మీద పెట్టకండి

నా తప్పు ముందు చెప్పుకుంటాను. మా ఇంట్లో ఏసీ పెట్టించినప్పుడు కిటికీ పైన రాతి పలక సన్‌షేడు ఉంది గదా, స్టాండు డబ్బులు మిగులుతాయి గదా అని దాని మీదే పెట్టించాను. రెండో వేసవిలో పలక గోడను కలిసే చోట వెంట్రుకంత పగులు వచ్చింది. నేను గమనించలేదు. మా అమ్మ చూసి, "ఒరేయ్ నాయనా, పిల్లకాయలు రోజూ ఆ కిందే ఆడుకుంటున్నారు గదరా" అన్నది. ఆ సాయంత్రమే దింపించాను.

మన పల్నాడు రాయి నేల మీద పరవడానికి, అరలకు, ప్రహరీకి బ్రహ్మాండంగా పనికివస్తుంది. కాని అది పొరలు పొరలుగా ఉండే రాయి. సన్‌షేడు పలక ఒక అంచు గోడలో కొన్ని అంగుళాలు దిగి ఉంటుంది, మిగిలినదంతా గాలిలోనే. ఎండనూ వాననూ ఆపడానికి వేసిన పలక అది. దాని మీద రోజుకు పది గంటలు అదిరే యంత్రం పెడితే పొర ఎక్కడ విడుతుందో పైకి తెలియదు. సిమెంటు సన్‌షేడు అయినా పాతబడి లోపలి చువ్వ తుప్పు పట్టి ఉంటే అంతే సంగతి.

అన్నిటికన్నా మంచి చోటు నేల. అడుగెత్తు సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద బోల్టులతో బిగిస్తే పడేదీ లేదు, మెకానిక్ పిట్టగోడ దాటి వేలాడవలసిన పనీ లేదు. నేల మీద చోటు లేకపోతే డాబా మీద పెట్టవచ్చు. కాని వట్టి ఇటుకల మీద నిలబెట్టకండి. మే నెల సాయంత్రాల్లో మనకు వచ్చే గాలివానకు రేకులే లేచిపోతాయి. ఇనుప స్టాండుకు బిగించి, స్టాండును కదలకుండా దిమ్మెలకు పట్టించాలి. గోడకే తగిలించాలంటే గోడ గట్టిదై ఉండాలి. కాంక్రీటు బీము లేదా గట్టి ఇటుక గోడలో యాంకర్ బోల్టులు దిగాలి. మట్టితో కట్టిన పాత రాతిగోడకూ, సన్నటి పిట్టగోడకూ వద్దు. స్టాండు జింకు పూత ఉన్నది తీసుకోండి. పెట్టె కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయిస్తే అదురు తగ్గుతుంది. ఏటా మార్చి నెలలో బోల్టులు వదులయ్యాయా, తుప్పు పట్టిందా అని చూపించండి.

మధ్యాహ్నం రెండింటికి ఎందుకు ఆగిపోతుంది?

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. టన్నున్నర ఏసీ గదిలోంచి లాగే వేడి ఐదు కిలోవాట్ల పైన ఉంటుంది. తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా కలిపి బయట వదలాలి. మొత్తం చూస్తే ఏడు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి వేసినంత వేడి. దాన్ని మన 45 డిగ్రీల గాలిలోకి వదలాలంటే లోపలి రాగి గొట్టాలు అంతకన్నా బాగా కాలి ఉండాలి. కంపెనీలు పెట్టె మీద రాసే టన్నులు బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన ఎండకు ఆ శక్తి తగ్గుతుంది. ఎంత వేడి వరకు పనిచేస్తుందో కాగితంలో వేరే ఉంటుంది; కొన్ని 48 దగ్గరే ఆగుతాయి, కొన్ని 52 దాకా తట్టుకుంటాయి. మన ఊరివారు కొనేముందు చూడవలసిన అంకె ఇది. స్టార్ల తరువాత సంగతి.

ఇప్పుడు ఆ పెట్టెను రెండు గోడల మధ్య సందులోనో, గ్రిల్లు వేసిన బాల్కనీలోనో పెట్టారనుకోండి. తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. ఊళ్ళో 45 ఉంటే దానికి 52, 53 తగులుతుంది. తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి, మంచం మీద ఉన్న మనిషికి అవసరమైన వేళకే. "గ్యాసు అయిపోయింది" అని గ్యాసు నింపించుకుంటారు. డబ్బు పోతుంది, ఆగడం మాత్రం ఆగదు. గ్యాసు బండిలో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. కారితేనే తగ్గుతుంది.

కాబట్టి ఉత్తరం గోడ మంచిది, తూర్పు ఫరవాలేదు, పడమర వద్దు. పెట్టె వెనుక కనీసం జానెడు, ముందు గజం ఖాళీ వదలండి. పైపులు కలిపే పక్క మెకానిక్ చేయి, పానా ఆడేంత చోటుండాలి. కంపెనీ కాగితంలో ఇంకా ఎక్కువ రాస్తే అదే పాటించండి. నీడ కావాలంటే నడుమెత్తు పైన రేకు వేసుకోండి. పెట్టె మీద గోనెపట్టా కప్పడం, తాటాకు ఆనించడం చేయవద్దు. ఒకటి గాలి ఆపుతుంది, రెండోది నిప్పుకు దగ్గర. వేడిగాలి పక్కింటివారి కిటికీలోకి, డాబా మీద పడుకునేవారి మంచాల మీదికి కొట్టకుండా కూడా చూడండి. ఈ విషయంలో వచ్చిన తగాదాలు నేను రెండు మూడు చూశాను.

మన దగ్గర దుమ్ము సంగతి వేరే చెప్పాలి. మిరప కళ్ళాల దుమ్ము, పత్తి నూగు, పిడుగురాళ్ళ వైపైతే సున్నపు బట్టీల పొడి. ఇవన్నీ పెట్టె వెనుక సన్నటి రేకుల మధ్య చేరి గాలిని మూసేస్తాయి. వేసవిలో నెలకొకసారి, మెయిన్ ఆపి, మెల్లటి నీటిధారతో కడగాలి. మోటారు పైపుతో గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి. బల్లులు లోపలి బోర్డు మీదికి చేరి కాలిపోవడం, బోర్డును కూడా కాల్చడం మామూలే. వైరు పోయే రంధ్రాలు మూయించండి.

కరెంటు, గ్యాసు

ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా రాగి వైరు లాగించండి. టన్నున్నరకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నిశ్చింత. దానికి సొంత ఎం.సి.బి. ఉండాలి. 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించండి. ఇనుప పెట్టెకు కరెంటు తగిలితే రెప్పపాటులో ఆపేసేది అదే. బయటికి పోయే వైరుకు మధ్యలో జాయింట్లు, వాటికి చుట్టిన టేపులు ఉండకూడదు. ఎర్తు లేకుండా ఏసీ వద్దేవద్దు. మనది రాతి నేల, వేసవిలో ఎర్తు గొయ్యి ఎండిపోయి పేరుకు మాత్రమే ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసిన గొయ్యి అయినా ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తూ ఉండాలి. స్విచ్ ఆపినా అవుట్‌డోర్‌లోని కెపాసిటర్‌లో కొన్ని నిమిషాలు కరెంటు నిలిచి ఉంటుంది కనుక మూత మీరు విప్పకండి.

వీధి వైపు తీగలున్న చోట ఇనుప నిచ్చెన, పొడవాటి యాంగ్లర్ పైకెత్తేటప్పుడు తీగకు తగిలే ప్రమాదం ఉంది. తీగలు దగ్గరగా ఉంటే 1912కు ఫోన్ చేసి, లైను ఆపించుకున్నాకే పని మొదలుపెట్టించండి.

ఇప్పటి కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 గ్యాసు వస్తున్నది, కొన్నిటిలో ఆర్-290. మొదటిది కొద్దిగా మండే గుణం ఉన్నది. రెండోది ప్రొపేన్, వంటగ్యాసు జాతిది. పైపులు కలిపేటప్పుడు దగ్గర బీడీ, సిగరెట్టు, పొయ్యి ఏమీ వద్దు. పైపుల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగాలి. కొంచెం గ్యాసు వదిలి "గాలి పోయింది" అనే మెకానిక్ పని తొందరగా ముగిస్తాడు గాని సరిగ్గా చేసినట్లు కాదు.

ఒక ముఖ్యమైన మాట, ముఖ్యంగా ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు ఉన్న రోగుల కుటుంబాలకు. 2021 కోవిడ్ తరువాత చాలా ఇళ్ళలో సిలిండర్లు ఉన్నాయి. పైపు లీకు చూడటానికి ఎవరైనా ఆక్సిజన్ అడిగితే ఇవ్వకండి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ఒత్తిడి మీద ఆక్సిజనూ నూనే కలిస్తే పేలుతుంది. లీకు పరీక్షకు వాడేది నైట్రోజన్. అది లేకపోతే పని మరుసటి రోజుకు వాయిదా వేసినా నష్టం లేదు.

బిగించే అబ్బాయి సంగతి

షాపువారు పంపే కుర్రవాళ్ళు ఎక్కువమంది పాతికేళ్ళ లోపువాళ్ళు. ఒక కాలు కిటికీ మీద, ఒక కాలు గాలిలో పెట్టి పనిచేస్తారు. అడిగితే "అలవాటేనండీ" అంటారు. సేఫ్టీ బెల్టు లేకుండా పిట్టగోడ దాటనివ్వకండి. బెల్టు తాడును కిటికీ గ్రిల్లుకు గాక స్తంభానికో బీముకో కట్టాలి. పెట్టెను పైకి లాగేటప్పుడు తాడు పెట్టెకు కట్టాలి గాని రాగి పైపులు పట్టుకొని లాగకూడదు. కింద ఎవరూ తిరగకుండా మంచం అడ్డం పెట్టండి.

పని పొద్దున ఆరింటికి మొదలై పదింటికి ముగిసేలా మాట్లాడుకోండి. మే నెల మధ్యాహ్నం డాబా మీద ఇనుము ముట్టుకుంటే చేయి కాలుతుంది. మంచినీళ్ళు, మజ్జిగ దగ్గర పెట్టండి. పనివాడు తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ మత్తుగా ఉన్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. తెలివిలో లేనివారికి నోట్లో నీళ్ళు పోయవద్దు.

ఎవరైనా పైనుంచి పడితే మనవాళ్ళు చేసే మొదటి పని, లేపి కూర్చోబెట్టి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకురావడం. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ప్రయాణంలోనే కాళ్ళు చచ్చుబడవచ్చు. పడినచోటే, మెడ కదలకుండా తల పట్టుకొని, 108 వచ్చేదాకా ఉంచండి. షాకు కొడితే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే 108కి చెప్పి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చొని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకువచ్చి ఈసీజీ తీయించండి.

మెకానిక్‌కు డబ్బులిచ్చే ముందు ఏసీ అరగంట నడిపించి, అవుట్‌డోర్ స్టాండును చేత్తో ఊపి చూడమనండి. మీ ముందే చూపించమనండి. లోపలి పెట్టె నుంచి వచ్చే నీటిగొట్టం ఎక్కడ వదిలాడో కూడా చూడండి. బకెట్టు పెట్టినవారు దాన్ని వారం నిలవ ఉంచితే అందులో డెంగీ దోమ పెరుగుతుంది. రోజూ మొక్కలకు పారబోయండి.