గోదావరి మొగలో నావలను మింగిన మెరకలు

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట రాత్రి పూట తిరిగే దీపాన్ని జాలర్లు లైట్‌హౌసు అనే పిలుస్తారు. సర్కారు రికార్డుల్లో దాని పేరు శాక్రమెంటో లైట్‌హౌసు. ఈ పేరు మన ఊరిదీ కాదు, ఇక్కడ దొరతనం చేసిన ఇంగ్లీషు వారిదీ కాదు. ఇక్కడి ఇసుక మెరక మీద పగిలిపోయిన ఒక అమెరికా యుద్ధనౌకది.

శాక్రమెంటో ఆవిరితో నడిచే నౌక. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకుంటున్న రోజుల్లో, 1862లో దాన్ని నీటిలోకి దించారు. యుద్ధం ముగిసిన తర్వాత అది తూర్పు దేశాల యాత్రకు బయలుదేరింది. 1867 జూన్ 19న మన తీరానికి వచ్చి గోదావరి మొగ దగ్గర మెరక తొక్కింది. దాని కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ సామాన్యుడు కాడు. 1864లో బ్రెజిల్ రేవులోకే చొరబడి శత్రువుల ఓడను పట్టి తెచ్చిన మనిషి. ఫిరంగులకు జంకని కెప్టెన్ చివరకు గోదావరి ఇసుకకు చిక్కాడు.

ఓడ కదలలేదు. అలలు దాన్ని కొట్టి కొట్టి విరగగొట్టాయి. అయినా ఓడలోని వారిలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. కొందరు ఓడ వెంట ఉన్న పడవల్లో ఒడ్డు చేరారు. మిగిలినవారు కర్రలతో తెప్ప కట్టుకుని దాని మీదకు దిగితే, ఆ తెప్ప ఒడ్డుకు రాకుండా లోపలికి కొట్టుకుపోయింది. చాలా గంటల తర్వాత అటుగా వచ్చిన అరేబియా అనే స్టీమరు వారిని చూసి ఎక్కించుకున్నది. స్వదేశం చేరాక కాలిన్స్ మీద విచారణ జరిగింది. 1869 మార్చి వరకు అతన్ని కొలువు నుంచి పక్కన పెట్టారు. అమెరికా నౌకాదళం వారి రికార్డుల్లో ఓడ పగిలిన చోటు ‘కొత్తపాలెం నది మొగ’ అని ఉంటుంది. గోదావరి పాయకు పక్క ఊరి పేరు తగిలించి రాసుకుని ఉంటారు.

ఇసుక ఒక చోట ఉండదు

ఈ తీరంలో నావలకు గండం రాళ్ళ వల్ల కాదు. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర సముద్రంలో రాళ్ళు ఉన్నాయి. వాటిని తప్పించుకోవడానికే 1847లో అక్కడ దీపం పెట్టారు. రాయి ఎక్కడికీ పోదు, ఒకసారి గుర్తు పెట్టుకుంటే తాతలకూ మనవలకూ అదే గుర్తు పనికివస్తుంది. గోదావరి మొగ అలా కాదు. ఏటా శ్రావణ భాద్రపదాల్లో వరదతో ఎర్రమట్టీ ఇసుకా వచ్చి మొగలో పడతాయి. కెరటాలు వాటిని మరో పక్కకు తోస్తాయి. నిరుడు నిలువులోతు ఉన్న దారిలో ఈ ఏడు మోకాలి లోతు ఉండవచ్చు. కాగితం మీద గీసిన పటం ఆరు నెలలకే పాతదై పోతుంది. అందుకే పటాన్ని నమ్ముకున్న పరదేశపు ఓడ దెబ్బ తింటే, పోటు చూసుకుని, నీటి రంగు చూసుకుని, గడవేసి లోతు కొలుచుకుని వచ్చే మన నాటు పడవ ఒడ్డు చేరుతుంది.

ఇదే ఇసుక ఒక రేవును పూడ్చి మరో రేవుకు కాపలా కాసింది. గత రెండు వందల ఏళ్ళ పైచిలుకు కాలంలో మేట వేస్తూ పెరిగిన హోప్ ఐలాండు కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచింది. కోరంగి రేవు మాత్రం పూడిపోయింది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలందరినీ అక్కడివాళ్ళు ‘కొరంగీలు’ అని పిలిచేవారంటే ఆ రేవు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కోరంగిని ముంచిన కెరటాలు

కోరంగి మీద రెండు పెద్ద ఉప్పెనలు పడ్డాయి. మొదటిది 1789 డిసెంబరులో వచ్చింది. మూడు కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయనీ, మొదటిదే రేవులోని ఓడలను మెట్ట మీదకు తోసిందనీ ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఇరవై వేల మంది పోయారని అంచనా. రెండోది 1839 నవంబరు 25న వచ్చింది. మూడు లక్షల మంది చనిపోయారనీ, ఇరవై వేల నావలు నాశనమయ్యాయనీ దీని గురించి ప్రతి పుస్తకంలోనూ రాస్తారు. ఈ లెక్క నమ్మదగినది కాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా అప్పట్లో అంత జనం ఉండరు. లెక్క తగ్గినంత మాత్రాన కోరంగికి జరిగిన నష్టం తగ్గదు. ఆ తర్వాత ఆ రేవు తేరుకోలేదు.

ఈ ఉప్పెనల సంగతి కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే దొర శ్రద్ధగా పరిశీలించాడు. గాలివానలో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ దిక్కు గాలి కొట్టిందో ఒకచోట చేర్చాడు. గాలి తిన్నగా రాదనీ, సుడి తిరుగుతూ వస్తుందనీ తేల్చి, పాము చుట్టను సూచించే గ్రీకు మాటతో దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఆ మాట అచ్చయింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక కోరంగి కన్నీళ్ళు కూడా ఉన్నాయి.

1864 నవంబరు 1న బందరులో సుమారు ముప్పై వేల మంది పోయారు. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మన తీరం వారు నవంబరు అంటే భయపడటంలో వింత లేదు.

వేటకు వెళ్ళిన వారు

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. కోనసీమలో కొబ్బరి తోటలు లక్షల చెట్లతో నేలకూలాయి. యానాం, భైరవపాలెం, బలుసుతిప్ప వంటి చోట్ల ఇళ్ళు మిగలలేదు. వెయ్యి మందికి పైగా మరణించారు. గల్లంతైన వారు మరెందరో. వారిలో ఎక్కువమంది సముద్రం మీద ఉన్న జాలర్లు. ఒడ్డున రేడియో చెప్పింది, టీవీ చెప్పింది. నీటి మీద ఉన్న చాలా బోట్లకు ఆ మాట వినే సాధనం లేదు. గాలి మారిందని తెలిసేసరికి మొగ దూరంగా ఉంది. దగ్గరికి వచ్చినవాటికి మొగలో కెరటం విరిగి పడుతోంది. ఇసుక మెరక మీద విరిగే కెరటంలో బోటును తిప్పడం ఎంతటి సరంగుకైనా తరం కాదు.

రేవులో ఎగరేసే ప్రమాద సూచికల గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా ఉంటాయి. ‘ఒకటో నంబరే కదా’ అని తేలిగ్గా తీసుకోవడం ఊళ్ళలో అలవాటు. ఆ నంబరు రేవుకు చెప్పేది. సముద్రంలో ఎక్కడో దూరాన వాయుగుండం ఉంది, రేవుకు ఇంకా భయం లేదు అని దాని అర్థం. కానీ ఆ ‘ఎక్కడో దూరాన’ అనే చోటే వేట బోటు ఉండవచ్చు. రేవుకు ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు ఎగరేసే నాటికి లోపల ఉన్న బోటు పని అయిపోయి ఉంటుంది. ఇక పదకొండో నంబరుకు అర్థం, హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. ఒకటీ రెండూ నంబర్లు ఒడ్డున ఉన్నవారికి చిన్నవి, వేటలో ఉన్నవారికి పెద్దవి. ఇది తెలిసిన ఇల్లాలు ఒకటో నంబరు నాడే మగవాణ్ణి ఆపుతుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని వెతికి కాపాడే బాధ్యత 1978లో చట్టబద్ధంగా ఏర్పడిన కోస్ట్‌గార్డుది. 1554 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అయితే సెల్‌ఫోను సిగ్నలు ఒడ్డు దాటి కొద్ది దూరమే వస్తుంది. అంతకు మించి వెళ్ళేవారికి వీహెచ్‌ఎఫ్ సెట్టు కావాలి. అందులో ఆపద మాటకు 16వ ఛానలు. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బోటు ఉన్న చోటు తెలిపే పరికరాలు కూడా వచ్చాయి. పరికరం బోటులో ఉండి దాని బ్యాటరీ ఇంట్లో ఉంటే లాభం లేదు. లైఫ్‌జాకెట్లను గోతాంలో కట్టి ఇంజను కింద పడేసే అలవాటు కూడా పోవాలి. ఎన్ని హెలికాప్టర్లు వచ్చినా మునిగే బోటును మొదట చేరేది పక్క బోటే. అందుకని జంటగా వేటకు వెళ్ళడం పాతకాలపు మంచి పద్ధతి.

మరొకటి ఉంది. బోటు బయలుదేరే ముందు అందులో ఎక్కిన వారి పేర్లు కాగితం మీద రాసి ఒడ్డున ఒకరి దగ్గర ఉంచడం. చివరి నిమిషంలో ఒకడు దిగిపోతాడు, మరొకడు ఎక్కుతాడు. పెద్ద ప్రమాదం జరిగాక ఏ బోటులో ఎవరున్నారో తేల్చలేక అధికారులు, బంధువులు తికమక పడేది ఇందువల్లనే. శవం దొరకకపోతే మనిషి చనిపోయినట్టు చట్టం ఊహించుకోవడానికి ఏడేళ్ళు గడవాలి. బ్యాంకు, పొలం కాగితం, బీమా అన్నీ ఆ ఏడేళ్ళ వెనకే నిలబడతాయి. ఆ ఇంటి ఆడమనిషి బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియక కూర్చుంటుంది. ఫలానా తేదీన ఫలానావాడు ఆ బోటు ఎక్కాడని రాసిన కాగితం ఉంటే ఆఫీసుల్లో ఆమె మాటకు కొంత బలం ఉంటుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్లకు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉండే ఆ 61 రోజుల్లోనే సెట్లు బాగు చేయించుకోవాలి, జాకెట్లు చూసుకోవాలి. జూన్ 15న మళ్ళీ వేట మొదలవుతుంది. తర్వాత నెలా రెండు నెలల్లో గోదావరికి వరద వస్తుంది, మొగలో దారి మళ్ళీ మారుతుంది.